చూచే హక్కు, వ్రాసే హక్కు

మంగళగిరి మండలంలో ఎకరం భూమి ఉన్న రైతు ఈనాడు తన పొలం వివరాలను ఇంట కూర్చుని చూడగలుగుతున్నాడు. చేతిలోని ఫోనులోనో, బల్లమీది కంప్యూటరులోనో బ్రౌజరు తెరచి, ‘మీభూమి’ అనే వెబ్‌సైటుకు పోయి, జిల్లా, మండలం, గ్రామం ఎన్నుకొని, సర్వే నంబరో ఖాతా నంబరో వ్రాస్తే, కొద్ది క్షణాలలో అడంగల్ గాని, 1-బి గాని కంటి ఎదుట నిలుస్తుంది. అడంగల్ పొలం ఎవరి అనుభవంలో ఉన్నదో, అందులో ఏ పైరు ఉన్నదో చెబుతుంది. 1-బి ఆ భూమిపై హక్కు ఎవరిదో చెబుతుంది. 2015 నుంచి ఈ సౌకర్యం ప్రజలకు అందుబాటులో ఉన్నది.

ఈ సౌకర్యాన్ని మెచ్చుకోనివారు ఉండరు. కాని ఆ మెప్పు వెంటనే ఒక ప్రశ్న కూడా పుట్టవలసి ఉన్నది. నా భూమి లెక్కను నేను ఇంత తేలికగా చూడగలిగితే, మరొకరు ఇంతే తేలికగా దానిని మార్చలేరా? ఆ లెక్క ఉన్న చోటికీ నా తెరకూ నడుమ ఎవరున్నారు? వారు ఎవరిని పోనిస్తున్నారు, ఎవరిని ఆపుతున్నారు? ఈ ప్రసంగంలో నేను చెప్పదలచినది ఈ నడిమి కాపలాను గురించి.

ఈ కాపలా మన ప్రాంతానికి కొత్తది కాదు. దాని పనిముట్లు మాత్రమే కొత్తవి. పూర్వం గ్రామపు లెక్కలు కరణం ఇంట ఉండేవి. రైతు పోయి తన సర్వే నంబరు ఎదుట ఏమి వ్రాసి ఉన్నదో అడిగి తెలిసికొనేవాడు. కాని కలం మాత్రం కరణం చేతిలో ఉండేది. ఆ కలానికి కూడా ఒక పై తనిఖీ ఉండేది. ఏడాదికొకసారి జమాబందీలో గ్రామపు లెక్కలను పై అధికారి ఎదుట పెట్టి ఒప్పించవలసి వచ్చేది. అనగా ఆ వ్యవస్థలో మూడు వేరువేరు అధికారాలు ఉన్నవి: చూచే అధికారం, వ్రాసే అధికారం, వ్రాసినదానిని తనిఖీ చేసే అధికారం. ఈ మూడూ ఒక్కచేతిలో పడినప్పుడు గ్రామంలో ఏమి జరిగేదో పెద్దలకు వేరుగా చెప్పనక్కరలేదు.

1971లో వచ్చిన భూమి హక్కులు, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం హక్కుల రికార్డుకు ఒక క్రమాన్ని ఏర్పరచింది. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయినవి. 1998లో రిజిస్ట్రేషన్ కార్యాలయాలకు ‘కార్డ్’ అనే పథకం క్రింద కంప్యూటర్లు వచ్చినవి. 2011లో మీసేవ కేంద్రాలు ఆరంభమైనవి. ఈ విధంగా కరణం చేతి దస్త్రం నాలుగు దశాబ్దాలలో డేటాబేస్‌గా మారింది. డేటాబేస్ అనగా వివరాలను వరుసలుగా, గడులుగా కూర్చి, అడిగినవారికి అడిగినంత తీసి ఇచ్చే కంప్యూటరు భాండాగారం.

మంగళగిరి ప్రాంతంలో దీనికి ఉన్న ప్రాధాన్యం మరీ ఎక్కువ. 2015లో అమరావతి రాజధాని కొరకు తుళ్లూరు, మంగళగిరి, తాడేపల్లి మండలాలలో భూసమీకరణ జరిగినప్పుడు నిడమర్రు, కురగల్లు, నవులూరు, ఎర్రబాలెం వంటి గ్రామాలలో ఎందరో రైతులు పొలాలు ఇచ్చి, వానికి బదులుగా స్థలాలు పొందే ఏర్పాటుకు ఒప్పుకొన్నారు. గట్లు చెరిగిపోయిన నేల మీద ఎవరి స్థలం ఏది అని చెప్పేది పట్టికలోని ఒక పంక్తి మాత్రమే. పూర్వం గట్టు జరిపితే పక్క రైతు కంటబడేది. ఈనాడు పట్టికలో ఒక పేరు మారితే చప్పుడు కాదు. కనుక ఆ పంక్తిని ఎవరు తాకవచ్చును అనే విషయం సాంకేతిక నిపుణులు మాత్రమే మాటలాడుకోవలసినది కాదు. అది కుటుంబపు ఆస్తికి సంబంధించిన విషయం.

ఇక యంత్రం వైపు చూద్దాం. మీ ఇంటిలోని రేడియో పెట్టె మేము పంపిన ప్రసారాన్ని అందుకొంటుంది గాని అందులో ఒక్క మాట చేర్చలేదు. పంపే శక్తి దానికి లేదు కనుక దాని విషయంలో అనుమతుల చిక్కు లేదు. బ్రౌజరు అట్లు కాదు. అది అందుకొంటుంది, పంపుతుంది కూడా. అంతేకాదు, మీరొక వెబ్‌సైటు తెరిచినప్పుడు అక్కడినుంచి కేవలం అక్షరాలు, బొమ్మలు మాత్రమే రావు. చిన్న చిన్న ప్రోగ్రాములు కూడా వచ్చి మీ కంప్యూటరులోనే పనిచేయటం ఆరంభిస్తాయి. మీరు పిలిచినది సమాచారాన్ని. దానితో కూడ వచ్చినది ఒక పనివాడు. ఆ పనివాడు ఎటువంటివాడో మీకు తెలియదు.

ఈ ఇబ్బందిని మొదటగా పెద్దయెత్తున ఎదుర్కొన్నది 1995 ప్రాంతంలో. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ ఆ సంవత్సరం జావా అనే భాషను లోకానికి ప్రకటించింది. ఆ భాషలో వ్రాసిన ‘ఆప్లెట్’ అనే చిన్న ప్రోగ్రాము బ్రౌజరులోకి వచ్చి పనిచేసేది. దానిని తయారుచేసినవారు మన గ్రామాలలోని ఇంటి అరుగు వంటి ఏర్పాటు ఒకటి చేశారు. పరిచయం లేని బాటసారిని మనం తరిమివేయము. అరుగు మీద కూర్చుండబెట్టి మంచినీళ్లు ఇస్తాము. కాని పెట్టెలుండే లోపలిగదికి రానీయము. ఆప్లెట్‌కు కూడా అంతే. బ్రౌజరు ఇచ్చిన చోట ఆడవచ్చును, పాడవచ్చును. ఇంటివారి ఫైళ్లు తెరవరాదు.

దానికి మరొక నియమం కూడా పెట్టారు. ఆప్లెట్ ఏ సర్వరు నుంచి వచ్చినదో ఆ సర్వరుతో మాత్రమే తిరిగి మాటలాడవచ్చును, ఇతర కంప్యూటరు దేనితోనూ సంబంధం పెట్టుకొనరాదు. ఈ నియమం ఎందుకో కొంచెం ఆలోచిస్తే గాని తెలియదు. ఒక కార్యాలయంలో గుమాస్తా తన కంప్యూటరులో బయటి వెబ్‌సైటు ఏదో తెరిచాడనుకొనండి. ఆ కంప్యూటరు కార్యాలయపు గోడల లోపల ఉన్నది. పక్కగదిలోని డేటాబేస్ దానిని తనవారిలో ఒకరిగా ఎంచుతుంది. బయటినుంచి వచ్చిన ప్రోగ్రాము ఆ గుమాస్తా భుజం మీద కూర్చుని, అతని పేరుతో పక్కగది డేటాబేస్‌ను అడగగలిగితే, వీధి తలుపుకు ఎంత పెద్ద తాళం వేసినా ప్రయోజనం లేదు. దొంగ లోపలి మనిషి గొంతుతోనే మాటలాడుతున్నాడు. అందుకే, వచ్చిన ఊరితో తప్ప మరే ఊరితోనూ మాటలాడరాదనే కట్టడి.

1997లో జావా ప్రోగ్రాములు డేటాబేస్‌లతో మాటలాడటానికి జె.డి.బి.సి. అనే మార్గం ఏర్పడినప్పుడు ఈ కట్టడి చాలామందికి అడ్డంకిగా కనిపించింది. డేటాబేస్ ఒక కంప్యూటరులో ఉంటుంది, వెబ్‌సైటు మరొక కంప్యూటరులో ఉంటుంది. వెబ్‌సైటు నుంచి వచ్చిన ఆప్లెట్ డేటాబేస్ వైపు చేయి చాపగానే బ్రౌజరు అనుమతి లేదని ఆపివేసేది. దీనికి కొందరు తేలిక మార్గాలు పట్టారు. ప్రోగ్రాముకు డిజిటల్ సంతకం పెట్టి, వాడుకొనేవారి చేత ‘నమ్ముతున్నాను’ అనే మీట నొక్కించి, కట్టడి విప్పించటం ఒకటి. ప్రతి కంప్యూటరులోను అనుమతుల ఫైలు మార్చి, ఈ ప్రోగ్రాముకు ఇంత స్వేచ్ఛ అని వ్రాయటం రెండవది. 1998 చివర వచ్చిన జావా రెండవ అవతారంలో ఈ అనుమతులను ఒక్కొక్కటిగా వ్రాసే వీలు కల్పించారు. ఏ ఫైలు చదవవచ్చునో, ఏ కంప్యూటరుతో ఏ ద్వారం గుండా మాటలాడవచ్చునో వేరువేరుగా చెప్పవచ్చును. ఏర్పాటు మంచిదే. కాని పని త్వరగా కావాలనే తొందరలో అన్ని అనుమతులనూ ఒక్కమాటతో ఇచ్చివేసినవారు కూడా ఉన్నారు. తాళపుచెవుల గుత్తి వీధిగుమ్మానికి వ్రేలాడదీయటం అంటే ఇదే.

ఆప్లెట్ల కాలం గతించింది. 2015లో క్రోమ్, 2017లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు వానికి ఆశ్రయం తీసివేసినవి. 2018లో జావా పదకొండవ సంచికతో తయారుచేసినవారే వానిని వదలివేశారు. టెండర్లకు, కంపెనీ పత్రాలకు డిజిటల్ సంతకం చేయించే మన దేశపు వెబ్‌సైట్లు అనేకం వానిమీద ఆధారపడి ఉండినందువల్ల, కొంతకాలం పాత బ్రౌజరును పట్టుకొని వ్రేలాడవలసి వచ్చింది కూడా. ఈనాడు బ్రౌజరులో నడిచేవి జావాస్క్రిప్ట్ ప్రోగ్రాములు. భాష మారింది గాని సూత్రం మారలేదు. ఒక చోటినుంచి వచ్చిన ప్రోగ్రాము మరొక చోటి సమాధానాన్ని చదవాలంటే, ఆ రెండవ చోటి సర్వరు ‘ఫలానా చోటివారు చదవవచ్చును’ అని తానుగా ప్రకటించాలి. ఆ ప్రకటన లేనిదే బ్రౌజరు చదవనీయదు.

ఆ రోజుల అనుభవం నేర్పిన పాఠం ఒకటి ఎన్నటికీ పాతబడదు. బ్రౌజరుకు పంపిన ప్రోగ్రాము పంపినవారి వశంలో ఉండదు, అందుకొన్నవారి వశంలో ఉంటుంది. కొంచెం తెలిసినవారు దానిని విప్పి అక్షరం అక్షరం చదవగలరు. కనుక డేటాబేస్ రహస్యపదాన్ని ఆ ప్రోగ్రాములో దాచటం, ఇనప్పెట్టె తాళపుచెవిని ఉత్తరంలో పెట్టి ఊరందరికీ పంపటమే. అదే విధంగా, తెర మీద ‘మార్చు’ అనే మీటను కనపడకుండా చేసినంత మాత్రాన మార్చే అధికారం తీసివేసినట్లు కాదు. మీట లేకపోయినా, ఆ మీట పంపవలసిన అభ్యర్థనను వేరుగా తయారుచేసి సర్వరుకు పంపగలవారు ఉన్నారు. పింఛను వివరాలు చూపే పుటలో తన ఖాతా సంఖ్యకు బదులు పక్క సంఖ్య వేసి, పొరుగువాని వివరాలు వచ్చునేమో అని చూచేవారు కూడా ఉన్నారు. తెర మీద ఉన్నది మర్యాద. అధికారం లెక్క దగ్గర ఉండాలి.

అయితే సక్రమమైన ఏర్పాటు ఏది? మంగళగిరివారికి దానిని చెప్పటానికి దూరం పోనక్కరలేదు. కొండమీద పానకాల స్వామికి భక్తులు బిందెలతో పానకం తీసికొనిపోతారు. కాని ఎవరి బిందెను వారే లోపలికి తీసికొనిపోయి స్వామి నోట పోయరు. భక్తుడు అర్చకునికి అందిస్తాడు. అర్చకుడు శంఖంతో పోస్తాడు. మిగిలిన పానకం ప్రసాదంగా అర్చకుని చేతి మీదుగానే భక్తునికి వస్తుంది. ఎన్ని వేలమంది వచ్చినా గర్భాలయంతో వ్యవహరించేది ఆ నడిమి చేయి ఒక్కటే. డేటాబేస్‌కు కూడా అటువంటి నడిమివాడు ఉండాలి. బ్రౌజరు తన కోరికను నడిమి సర్వరుకు చెబుతుంది. వచ్చినవారు ఎవరు, కోరిక న్యాయమైనదా, ఇంతవరకు కోరే హక్కు వీరికి ఉన్నదా అని ఆ సర్వరు విచారిస్తుంది. తరువాత తానే డేటాబేస్‌ను అడిగి, వచ్చిన సమాధానంలో ఇవ్వదగినంత మాత్రమే తిరిగి ఇస్తుంది. డేటాబేస్ రహస్యపదం ఆ నడిమి సర్వరును దాటి బయటికి రాదు. డేటాబేస్‌కు వీధివైపు తలుపే ఉండదు.

నడిమివాడు ఉంటే చాలునా? చాలదు. నడిమివానికి ఎంత అధికారం ఇవ్వాలనే ప్రశ్న మిగిలి ఉన్నది. డేటాబేస్‌లను వరుసలు, గడులుగా కూర్చే పద్ధతిని ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో ప్రకటించాడు. అదే సంస్థలో పెట్రీషియా గ్రిఫిత్స్, బ్రాడ్‌ఫర్డ్ వేడ్ అనే ఇద్దరు 1976లో అటువంటి డేటాబేస్‌లో అధికారాలు ఇచ్చే, తిరిగి తీసికొనే విధానాన్ని వివరించారు. ఇచ్చే ఆజ్ఞకు గ్రాంట్ అని, తీసికొనే ఆజ్ఞకు రివోక్ అని పేరు. చదవటం, చేర్చటం, మార్చటం, తొలగించటం అనేవి నాలుగు వేరువేరు అధికారాలు. ఒకటి ఇస్తే మిగిలినవి ఇచ్చినట్లు కాదు. వారు చెప్పిన మరొక సంగతి మన కార్యాలయాలు గమనించదగినది. ఒక అధికారి తన అధికారాన్ని క్రిందివానికి, అతడు మరొకనికి ఇచ్చినప్పుడు, పై అధికారం తీసివేయగానే దాని వల్ల పుట్టినవన్నీ రద్దు కావాలి. బదిలీ అయిపోయిన ఉద్యోగి పేరుతో ఇచ్చిన తాళపుచెవులు ఆయన పోయిన తరువాత కూడా పనిచేస్తుంటే, ఆ తప్పు యంత్రానిది కాదు.

అంతకు ఒక సంవత్సరం ముందు, 1975లో, జెరోమ్ సాల్జర్, మైకేల్ ష్రోడర్ అనే శాస్త్రజ్ఞులు కంప్యూటరు రక్షణకు మూలసూత్రాలు వ్రాస్తూ ఒక మాట చెప్పారు. ప్రతి ప్రోగ్రాముకు, ప్రతి మనిషికి తన పనికి అవసరమైనంత అధికారమే ఉండాలి, అంతకు మించి ఉండరాదు. మన వ్యవసాయదారులకు ఇది బోధించనక్కరలేదు. కాలువ మీద తూము ఉండేది పొలానికి సరిపడే నీటి కొరకే. పొలానికి నీళ్లు కావాలని కట్ట తెగగొట్టేవారు ఉండరు.

భూమి లెక్కకు దీనిని అన్వయించి చూద్దాం. ‘మీభూమి’ వంటి పుట వెనుక ఉన్న ప్రోగ్రాముకు కావలసినది చదివే అధికారం ఒక్కటే. దానికి మార్చే అధికారం ఎందుకు? అదికూడా పట్టిక అంతా చదవనక్కరలేదు. డేటాబేస్‌లో ‘వ్యూ’ అనే ఏర్పాటు ఉన్నది. అది పెద్ద పట్టికకు బిగించిన చిన్న కిటికీ వంటిది. పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, పైరు ఆ కిటికీలో కనిపిస్తాయి. ఆధార్ సంఖ్య, ఫోను సంఖ్య, బ్యాంకు ఖాతా కనిపించవు. ప్రజల ప్రోగ్రాముకు కిటికీ వద్ద నిలబడే అధికారం ఇస్తే సరిపోతుంది. గ్రామ రెవెన్యూ అధికారి తన గ్రామపు పైరు వివరాలు నమోదు చేయాలి గనుక ఆయనకు అంతవరకు. హక్కుల రికార్డులో పేరు మార్చేది చట్టం చెప్పిన క్రమంలో, నోటీసు ఇచ్చి, అభ్యంతరాలు విని, తహసీల్దారు చేయవలసిన పని. కనుక ఆ అధికారం తహసీల్దారు డిజిటల్ సంతకంతో మాత్రమే కదలాలి.

అధికారాలను ఇట్లు పంచకపోతే జరిగే ప్రమాదం ఎట్టిదో ఒక ఉదాహరణ చెబుతాను. సర్వే నంబరు అడిగే గడిలో 125 అని వ్రాయవలసిన చోట ఒక మోసగాడు ‘125 లేదా 1=1’ అనే అర్థం వచ్చేటట్లు యంత్రభాషలో వ్రాస్తాడు. ఒకటి ఒకటితో సమానం కావటం ఎల్లప్పుడూ నిజమే గదా! ఆ గడిలోని అక్షరాలను విచారించకుండా ఆజ్ఞలో కలిపివేసే అమాయకపు ప్రోగ్రాము అయితే, డేటాబేస్ ఒక్క నంబరుకు బదులు అన్ని నంబర్ల వివరాలూ ధారపోస్తుంది. చదవటంతో ఆగక, అదే గడిలో మార్చే ఆజ్ఞను కూడా దూర్చవచ్చును. ఈ మోసాన్ని 1998లోనే ఒకరు బహిరంగంగా వివరించారు. ఇన్ని సంవత్సరాలైనా ఇది అంతరించలేదు. దీనికి మందు రెండు విధాలు. గడిలో వ్రాసినది ఎంతటి వింత రాత అయినా దానిని విలువగానే చూడాలి గాని ఆజ్ఞగా చూడరాదు. ప్రోగ్రాము వ్రాసేవారు ఆజ్ఞను ముందుగా కట్టి ఉంచి, విలువను తరువాత వేరుగా అందించాలి. రెండవది, ఆ ప్రోగ్రాముకు మార్చే అధికారమే లేకుండా చేయాలి. మొదటి కాపలాదారు కునికినా రెండవ కాపలాదారు అడ్డుకొంటాడు.

తాళం పగులగొట్టే దొంగల సంగతి ఇది. కాని అసలు తాళమే వేయని ఇళ్లు కూడా ఉంటాయి. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో సుమారు 1,34,000 మంది లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతా వివరాలు, కులమతాలతో సహా, ఎవరు చూచినా కనిపించే విధంగా ఉన్నవని పత్రికలలో వచ్చింది. అక్కడ ఎవరూ గోడ దూకలేదు, మారుతాళం వేయలేదు. ఇల్లు ఎవరికి మంజూరైనదో ప్రజలకు తెలియాలనే ఉద్దేశంతో పట్టికను బయట పెట్టారు. పట్టికలో బయట పెట్టదగిన గడులేవో, దాచవలసిన గడులేవో వేరుచేయలేదు. ఇల్లు లేక ప్రభుత్వాన్ని ఆశ్రయించిన పేదవాని బ్యాంకు ఖాతా సంఖ్య లోకం చూడవలసిన అవసరం ఏమున్నది? ఆయన గృహం కోరాడు గాని గుట్టు వదలుకొనలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇటువంటి సంగతులు బయటపడినప్పుడు ‘అయితే అన్నీ మూసివేద్దాం’ అనే ధోరణి కార్యాలయాలలో తలయెత్తటం సహజం. అది మరొక అన్యాయం. రైతు తన అడంగల్ చూడలేకపోతే, అందులో జరిగిన తప్పు ఆయనకు తెలియదు. తెలియని తప్పును దిద్దించుకొనటం ఎట్లు? అందరి కండ్లూ మూసి లెక్కను కాపాడటం ఎవరికీ మేలు కాదు. ఎక్కువమంది చూస్తున్న లెక్కలో దొంగరాత దాగటం కష్టం. చూచే హక్కును విశాలంగా ఉంచాలి. వ్రాసే హక్కును సన్నని దారంగా ఉంచాలి. వ్యక్తి గుట్టును కిటికీకి లోపలే ఉంచాలి. ఈ మూడింటినీ కలిపి ఒకే తాళం వేయాలని చూచినప్పుడే చిక్కులు వస్తాయి.

ఎంత మంచి ఏర్పాటైనా చివరకు ఒక మనిషి చేతి మీద నిలుస్తుంది. తహసీల్దారు డిజిటల్ కీ చిన్న వస్తువు, వ్రేలెడు కూడా ఉండదు. కాని దానిని గుమాస్తాకో, కంప్యూటరు ఆపరేటరుకో ఇచ్చి, రహస్యపదం కూడా చెప్పి, ‘పని కానీయండి’ అని సమావేశానికి పోయినచో, ఆ వేళ మండలంలోని హక్కుల రికార్డు అంతా ఆపరేటరు చేతిలో ఉన్నట్లే. డేటాబేస్ దృష్టిలో అక్కడ కూర్చున్నది తహసీల్దారే. అది సంతకాన్ని చూడగలదు గాని చేతిని చూడలేదు. తెల్లకాగితం మీద సంతకం చేసి ఇచ్చే అధికారి ఎక్కడైనా ఉంటాడా? ఇది అంతకంటె ప్రమాదకరం. తెల్లకాగితం ఒక్కటే, కీ తో వేయగల సంతకాలకు లెక్క లేదు.

గృహస్థులమైన మనము కూడా ఇటువంటి పని చేస్తూనే ఉన్నాము. ఫోనుకు వచ్చిన ఓ.టి.పి. అంకెలను ఎవరో అడిగితే చదివి చెప్పటం, మన పేరుతో వ్రాసే హక్కును కొన్ని నిమిషాలపాటు అపరిచితునికి ఇవ్వటమే. వేలిముద్ర వేయుమన్నప్పుడు దేనికి అని అడగకుండా వేయటం కూడా అంతే. మీసేవ కేంద్రంలో గాని, సచివాలయంలో గాని వేలిముద్ర వేసే ముందు తెరమీద ఏమున్నదో చదివి చెప్పుమని అడిగే హక్కు ప్రతివారికీ ఉన్నది. చదువురాని చేనేత కార్మికురాలు తన పింఛను కొరకు పోయినప్పుడు ఆమె తరఫున ఆ ప్రశ్న అడగవలసిన బాధ్యత చదువుకొన్న కుమారునిది, మనుమరాలిది. బ్రౌజరు కూడా అప్పుడప్పుడు ప్రశ్నలు వేస్తుంది: ఈ వెబ్‌సైటు మీ కెమెరా వాడవచ్చునా, మీరున్న చోటు తెలిసికొనవచ్చునా అని. ఆ పనికీ ఆ అనుమతికీ సంబంధం ఉంటేనే సరే అనాలి. పంచాంగం చూపే వెబ్‌సైటుకు మీ కెమెరాతో పని ఏమి?

ఇక జమాబందీ మాట. డేటాబేస్‌లో ఎవరు, ఏనాడు, ఏ గంటకు, ఏ గడిని, దేనినుంచి దేనికి మార్చారో వ్రాసి ఉంచే దినచర్య పుస్తకం ఒకటి ఉండాలి. మార్చే అధికారం ఉన్నవారికి ఆ పుస్తకాన్ని తాకే అధికారం ఉండరాదు. నడిమి సర్వరు అందరి పనులనూ తన ఒక్క పేరుతోనే చేయించితే ఆ పుస్తకంలో ‘సర్వరు మార్చినది’ అని మాత్రమే మిగులుతుంది. తరువాత విచారణకు వచ్చినవారికి అది ఎందుకూ కొరగాదు. కోరినది ఏ మనిషి అనే వివరం కూడా లోపలివరకు పోవాలి. వ్రాయటం ఎంత ముఖ్యమో, దానిని ఎవరైనా ఏడాదికొకసారి తీసి చదవటం అంత ముఖ్యం. చదవని దినచర్య బీరువాలోని బూజు.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం అనుమతి లేకుండా కంప్యూటరులో ప్రవేశించి వివరాలు తీసికొనటాన్ని, మార్చటాన్ని తప్పుగా పేర్కొన్నది. దురుద్దేశంతో చేసినవారికి మూడు సంవత్సరాల వరకు ఖైదు, అయిదు లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నది. 2023లో వచ్చిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం మరొక అడుగు వేసి, వివరాలను భద్రపరచటంలో తగిన జాగ్రత్త తీసికొనని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించే వీలు కల్పించింది. మొదటిది తాళం పగులగొట్టినవానిని శిక్షిస్తుంది. రెండవది తాళం వేయనివారిని కూడా ప్రశ్నిస్తుంది. ఈ రెండవ ప్రశ్న మనకు చాలా కాలంగా కావలసి ఉండినది.

మంగళగిరి ఈనాడు చేనేతకు, నరసింహస్వామికి మాత్రమే పేరుపొందిన ఊరు కాదు. ఆటోనగర్‌లో పై డేటా సెంటర్ వంటి సంస్థ ఉన్నది. చుట్టుపక్కల కళాశాలలనుంచి ఏటేటా ప్రోగ్రాములు వ్రాయనేర్చిన యువతీయువకులు బయటికి వస్తున్నారు. వారు వ్రాసే ప్రతి పుట వెనుక ఎక్కడో ఒక రైతు పేరు, ఒక నేతకార్మికుని ఖాతా, ఒక రోగి వివరం ఉంటుంది. పరీక్షించే దశలో పని త్వరగా సాగాలని అన్ని అనుమతులూ ఇచ్చి, పని ముగిసిన తరువాత వానిని తీసివేయటం మరచిపోవటం ఈ వృత్తిలో సామాన్యంగా జరిగే లోపం. చేనేతలో ఒక పోగు తప్పితే మగ్గం దిగకముందే నేతగాని కంటబడుతుంది. డేటాబేస్‌లో తప్పిన అనుమతి, దానిని వెదకే కన్ను లేకపోతే, సంవత్సరాలపాటు కనపడదు. కనుక ఇచ్చిన అనుమతులను అప్పుడప్పుడు వరుసగా చదివి, ఇది ఎవరికి, ఎందుకు అని అడగటం ప్రోగ్రాము వ్రాయటమంత ముఖ్యమైన పని.

రైతులు, గృహస్థులు చేయవలసినది కొద్దిగానే ఉన్నది. పంటకాలానికొకసారి తమ అడంగల్, 1-బి తీసి చూచుకొనాలి. ఒక ప్రతిని తేదీతో సహా అచ్చుతీయించి పాసుపుస్తకంతోపాటు దాచుకొనాలి. పేరులో గాని, విస్తీర్ణంలో గాని తేడా కనిపిస్తే ఆ ప్రతితో తహసీల్దారు కార్యాలయంలో అర్జీ ఇచ్చి రసీదు పుచ్చుకొనాలి. ఓ.టి.పి. చెప్పి డబ్బు పోగొట్టుకొన్నచో ఆలస్యం చేయకుండా 1930 అనే సంఖ్యకు ఫోను చేయాలి. భూమిని చూచుకొనటమంటే గట్టు మీద నడచి రావటం మాత్రమే అని మన పెద్దలు అనుకొనేవారు. ఇకమీదట తెర మీది పంక్తిని కూడా చూచుకొని రావాలి. ఆ పంక్తిని చూచే హక్కు మనది. దానిని వ్రాసే హక్కు ఎవరి చేతిలో ఉన్నదో, ఎంతవరకు ఉన్నదో అడిగే హక్కు కూడా మనదే.